ఆధారం లేని పుట్టినరోజు

ఆగస్టు 11

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. ఫోను ఎందుకు కలవడం లేదని అడిగావు. కనెక్షన్ తీయించేశాను. ఇక ఏదైనా ఉంటే ఉత్తరం రాయి.

మీ అక్క వస్తువులు మూడు పంపుతున్నాను. చదువుకునే కళ్లజోడు, నీలం శాలువా, నువ్వు ఎప్పుడో తెచ్చిచ్చిన చిన్న స్క్రూడ్రైవరు. కుట్టుమిషను మొరాయించినప్పుడల్లా దాన్నే తీసేది. కళ్లజోడు ఎడమ కాడ వదులుగా ఉంటుంది. కాస్త బిగించమని రెండేళ్లుగా నన్ను అడుగుతూనే ఉంది. స్క్రూడ్రైవరు ఇంట్లోనే ఉంది. బిగించలేదు.

మరణ ధ్రువీకరణ పత్రం నకలు జతచేశాను. జూలై ఇరవై, సాయంత్రం నాలుగూ పది. సంతకం, ముద్ర, రిజిస్టరు నంబరు అన్నీ ఉన్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్లు నాతో కాపురం చేసిన మనిషికి మొదటి తేదీ ఆధారం లేకుండానే పోయింది. చివరిది మాత్రం పక్కాగా దొరికింది.

ఇల్లు బాగానే ఉంది. అన్నం వండుకోవడం వచ్చింది. కూర ఇంకా రాలేదు. రోజూ ఆఫీసుకి వెళ్తున్నాను. పేపర్లో నా "ఈ తేదీన" శీర్షిక ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఇంతే.

బావ


ఆగస్టు 22

బావగారికి,

పార్సెలు అందింది. కళ్లజోడు బిగించాను. పెట్టుకునే మనిషి లేదు గానీ బిగించాను. లిఫ్టులు బాగుచేసేవాడి చేతులు, వదులుగా ఏది కనబడినా ఊరుకోవు.

ఆ ఆసుపత్రి లిఫ్టు కూడా అంతే. మూడో అంతస్తులో నేల కంటే అంగుళం పైన ఆగుతుంది. స్ట్రెచరు చక్రం ప్రతిసారీ కొట్టుకుంటుంది. మర్నాడు పొద్దున్నే రైలు దిగి పరుగెత్తుకొచ్చినవాణ్ణి, ఏడవాల్సినవాణ్ణి, ఆ అంగుళం వైపే చూస్తూ నిలబడ్డాను. మనిషి బుర్ర ఎలాంటిదో చూడండి.

మొదటి తేదీకి ఆధారం లేదని రాశారు. ఈ మాట మా అక్కతో మీరు ఎన్నిసార్లు అన్నారో నాకు తెలుసు. ఆవిడే చెప్పేది, నవ్వుతూ. "మీ బావ దృష్టిలో నేనింకా పుట్టలేదురా" అనేది. ఆ రోజు సంగతి మీకు సగమే తెలుసు, మిగతాది రాస్తాను.

నాకు ఐదేళ్లు, ఆవిడకి తొమ్మిది. నన్ను ఎత్తుకు తిప్పడానికి ఇంట్లో మనిషి కావాలని అప్పటిదాకా ఆవిణ్ణి బడికి పంపలేదు. నాన్న మమ్మల్నిద్దర్నీ ఒకే రోజు తీసుకెళ్లాడు. గుమాస్తా పుట్టిన తేదీలు అడిగితే ఇద్దరూ వానాకాలంలోనే పుట్టారండీ అన్నాడు. గుమాస్తా గోడ మీద క్యాలెండరు వైపు చూసి ఆ రోజు తేదీనే ఇద్దరికీ వేసేశాడు. జూలై ఇరవై. ఏడాది మాత్రం వేరువేరుగా వేశాడు, అదే పదివేలు. ఇంటికొస్తూ అక్క నా చెయ్యి పట్టుకుని ఒక మాట అంది. "ఒరే చిన్నోడా, మనిద్దరిదీ ఒకటే పుట్టినరోజంట. ఒకళ్లు మర్చిపోతే ఇద్దరిదీ పోయినట్టేరా."

అందుకే నేనెప్పుడూ మర్చిపోలేదు. ఫోన్లు లేనప్పుడు కార్డు, వచ్చాక పొద్దున ఏడింటికి ఫోను. మీకూ తెలుసు. ఏడింటికి ఫోను మోగితే మీరు తీసేవారు కాదు కూడా, అది ఆవిడదేనని.

ఆ పొద్దున ఆసుపత్రి గుమ్మంలో మీరు నాతో ఒకే ఒక్క మాట అన్నారు. "ఇరవయ్యో తేదీ అయిపోయిందయ్యా" అని. అని అటు తిరిగారు. రెండు రోజులు మీ ఇంట్లో ఉన్నాను, మళ్లీ నా మొహం చూడలేదు. నేను మీకు రాసినట్టే చేశాను బావా. అది తప్పయితే తప్పని చెప్పండి, తిట్టండి. ఫోను పీకించెయ్యడం దేనికి?

మీ బావమరిది


సెప్టెంబరు 3

బావమరిదికి,

నువ్వు రాసినట్టే చేశావు. నిజమే. జూలై చివరిదాకా సెలవు దొరకదని మే నెలలో రాశావు. సెలవు దొరకనివాడికి ఫోను కూడా దొరకదని నేను అనుకోలేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఇరవయ్యో తేదీ పొద్దున ఆరున్నరకే ఆయాసం ఎక్కువైంది. ఏడున్నరకి అంబులెన్సు వచ్చింది. మీ అక్క వెనక్కి పంపించేసింది. చిన్నోడు ఫోను చేస్తాడు, మాట్లాడాక వెళ్దాం అంది. ఫోను మంచం పక్కకి జరిపించుకుంది. ఎనిమిదైంది. తొమ్మిదైంది. ఒకసారి రిసీవరు ఎత్తి గుయ్‌మంటోందో లేదో వినమంది. గుయ్‌మంటోంది.

మధ్యలో పేపరు చదివించుకుంది. ఆ రోజు శీర్షికలో చంద్రుడి మీద మనిషి దిగాడు. మన గడియారంలో అప్పటికే ఇరవై ఒకటి అయిందని ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఏటా ఉత్తరం రాస్తాడు. మా ఆఫీసులో ఆయన్ని "ఇరవై ఒకటి" అనే పిలుస్తాం. ఎవరెస్టు ఎక్కిన తేనెటీగల పెంపకందారు పుట్టాడు. బఠాణీ మొక్కల ఫాదరీ పుట్టాడు. ఆయన కొన్ని పుస్తకాల్లో ఇరవైన, కొన్నిట్లో ఇరవై రెండున పుడతాడు. రూఢి అయినవి కార్డు మీద సిరాతో, కానివి పెన్సిల్‌తో రాయడం నా పద్ధతి. ఆయన ఇంకా పెన్సిల్‌లోనే ఉన్నాడు. చివర వైర్‌లెస్ కనిపెట్టిన పెద్దమనిషి చనిపోయాడు. ఆయన కోసం రేడియో స్టేషన్లు రెండు నిమిషాలు మూగబోయాయని చదివాను. మీ అక్క ఫోను వైపు చూసి, "మనదింకా సంతాపంలోనే ఉన్నట్టుంది" అంది.

ఒంటిగంటకి రెండో అంబులెన్సు ఎక్కింది. నాలుగూ పదికి అయిపోయింది.

ఏడు నుంచి ఒంటిగంట దాకా ఆరు గంటలు. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ తప్పనివాడివి ఆ ఒక్క రోజు తప్పావు. ఫోను ఎందుకు తీయించానంటే ఇదీ జవాబు. మోగాల్సిన రోజు మోగని వస్తువు నాకెందుకు?

శనివారాలు గడవడం లేదు. మిగతా రోజులు పరవాలేదు.

బావ


సెప్టెంబరు 14

బావా,

మీ ఉత్తరం డ్యూటీలో చదివాను. చదివి లిఫ్టు గదిలో మోటారు పక్కన కూర్చుండిపోయాను. పైన ఎవరో గంట కొడుతూనే ఉన్నారట. నాకు వినబడలేదు.

ఆవిడ నా ఫోను కోసం ఆసుపత్రికి వెళ్లకుండా కూర్చుందని మీరు ఇప్పుడు చెబుతున్నారు. సరే. నేను చేసింది నేను మోస్తాను. కానీ బావా, మీకు అంతా తెలుసు. కాగితం మీ చేతిలో ఉంది, ముద్రతో సహా. అంతా తెలిసి, మనిషి అలా ఆయాసపడుతూ ఎదురుచూస్తుంటే, ఒక్క మాట చెప్పడానికి మీకు నోరెలా రాలేదు? గుట్టుగా ఉంచాలనుకున్న మాట నిజమే. ప్రాణం మీదికి వచ్చాక కూడా గుట్టేంటి? చెప్పేసి ఉంటే ఆవిడ నిమ్మళంగా లేచి బండెక్కేది.

సెలవు దొరకలేదని నన్ను దెప్పారు. దొరికింది. ఎప్పటి నుంచి దొరికిందో, ఎందుకు తీసుకున్నానో మీకు తెలియనట్టు రాయడం మీ చదువుకి తగ్గ పని కాదు.

మీ బావమరిది


సెప్టెంబరు 27

బావమరిదికి,

ఆ కాగితం సంగతి నీకు చెప్పింది వార్డు నర్సే అయ్యుంటుంది. ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసిందే మంచిది. దాచి దాచి అలిసిపోయాను.

అవును. రిపోర్టు మే తొమ్మిదిన వచ్చింది. రక్తహీనత కాదు. డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి సంవత్సరం చివరిదాకా అన్నాడు. బయటికి వచ్చేసరికి మీ అక్క బెంచీ మీద కూర్చుని పక్కావిడ స్వెట్టరు అల్లికలో తప్పు చూపిస్తోంది. ఏమన్నాడండీ అంది. రక్తం తక్కువంట అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఒకసారి అన్నాక దాన్నే పట్టుకున్నాను. నీకూ అదే రాశాను.

రిపోర్టుని ఆఫీసులో తేదీల కార్డుల పెట్టెలో, మే తొమ్మిది వెనక పెట్టాను. ఇంట్లో అయితే దొరికిపోతుంది. ఆమె చూపు పడని మూల ఇంట్లో లేదు.

డిసెంబరు దాకా ఉందనుకున్నాను. వానలు తగ్గాక నీకు చెబుదామనుకున్నాను. నేను తేదీలతో బతికేవాణ్ణి, డాక్టరు చెప్పిన తేదీని కూడా నమ్మాను.

గుట్టేంటి అని అడిగావు. నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది. ఆ వేసవంతా ఆమె నవ్వుతూనే ఉంది. చెప్పేసి ఉంటే నిమ్మళంగా బండెక్కేదని రాశావు. చావబోతున్నావని చెబితే నిమ్మళించే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

బావ


అక్టోబరు 8

బావగారికి,

ఏ నర్సూ నాకు ఏమీ చెప్పలేదు. రిపోర్టు అనేది ఒకటుందని మీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

మే తొమ్మిది. అంటే నేను సెలవు కోసం ఫోర్‌మన్ చుట్టూ తిరుగుతున్నప్పటికే మీకు తెలుసు. రక్తం తక్కువంటే ఐరన్ టానిక్ పంపాను. ఆరు సీసాలు, ఒక్కోదానికీ గుడ్డ చుట్టి. "నీ మందు బాగా పనిచేస్తోంది చిన్నోడా, మెట్లెక్కగలుగుతున్నాను" అని రాసింది అక్క. మీరు పక్కనే ఉండి చూశారు, ఆవిడ అది తాగడం.

నాకు చెప్పి ఉంటే మే పదో తేదీకి అక్కడ ఉండేవాణ్ణి. ఉద్యోగం పోతే పోయేది.

నేనడిగిన కాగితం వేరే. మీ ఆఫీసుకి పంపింది. అదేంటో మీకు గుర్తు కూడా లేదంటే ఇక చెప్పేదేముంది? బఠాణీ ఫాదరీకి రెండు తేదీలుంటే రెండిటికీ చోటిస్తారు. మా అక్క విషయం వచ్చేసరికి ఎక్కడో పడేశారు.

ఇక నాకు రాయకండి.


అక్టోబరు 19

బావమరిదికి,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ రాస్తున్నాను.

రిపోర్టు దాచడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. కానీ రాని కాగితాన్ని వచ్చిందంటే ఒప్పుకోను. నా సొరుగులు రెండూ బోర్లించి చూశాను. టపా గుమాస్తాని అడిగి మార్చి నుంచి జూలై దాకా రిజిస్టరు తిప్పించాను. నీ పేరుతో ఈ ఆఫీసుకి ఏదీ రాలేదు. రిజిస్టరులో లేనిది రానట్టే. బాధలో మనిషి ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలనుకుంటాడు, అర్థం చేసుకోగలను. లేని ఉత్తరాన్ని పట్టుకోవద్దు.

బావ


జూన్ 18

బావమరిదికి,

ఎనిమిది నెలలైంది. నువ్వు జవాబు రాయలేదు. ఈ ఉత్తరం చింపకుండా చదవమని అడుగుతున్నాను.

మా విభాగాన్ని కింది అంతస్తుకి మార్చారు. బల్ల జరిపితే కిందున్న వెదురు బుట్ట బయటపడింది. దాని సంగతి ముందు చెప్పాలి. ఇది ఆఫీసులో కూడా ఎవరికీ తెలియదు.

శీర్షికలో తప్పులున్నాయని పాఠకులు రాసే ఉత్తరాలు ఆ బుట్టలో పడతాయి. ముప్ఫై ఏళ్లలో వాటిలో ఒక్కటీ నేను విప్పలేదు. నా తప్పు ఇంకొకడు చూపిస్తే నేను తట్టుకోలేను. శనివారం బుట్ట ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. మీ అక్క అన్నీ విప్పి చదివి, నిజంగా తప్పున్నవి మాత్రం మెల్లగా, వేరే ఏదో మాట మధ్యలో చెప్పేది. జవాబులు కూడా తనే రాసేది. కింద సంతకం నేను పెట్టేవాణ్ణి. "ఇరవై ఒకటి" మాస్టారితో ఇరవై ఏళ్లు వాదించింది మీ అక్క. తేదీల విషయంలో నేను జాగ్రత్త మనిషినని అందరూ అంటారు. జాగ్రత్త ఆమెది.

జూన్‌లో ఆమె మంచం పట్టాక బుట్ట ఆఫీసులోనే ఉండిపోయింది. ఆ తర్వాత దాన్ని కాలితో బల్ల కిందికి నెట్టాను. టపా గుమాస్తా కొత్తవి అందులోనే పడేస్తూ పోయాడు.

నిన్న విప్పాను. నూట నలభై ఉత్తరాలు. నీది అడుగు నుంచి ఎనిమిదోది. కవరు మీద "ఈ తేదీన శీర్షిక నిర్వాహకులకు, ఒక పాఠకుడి నుంచి" అని ఉంది. అందుకే రిజిస్టరులో నీ పేరు లేదు. నేను చదివానని నీకు ఆధారం ఉండాలి కాబట్టి నీ ఉత్తరాన్ని నీకే మళ్లీ రాస్తున్నాను.

"జూలై 1. గౌరవనీయులైన తారీఖుల మాస్టారికి, మీ పాఠకుడు విన్నవించుకునేది. తమ ఇంట్లో ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒక పుట్టినరోజు తప్పు పడుతోంది. దిద్దుకోగలరు.

"నవ్వకండి బావా, నిజం. ఇంటికి రాస్తే అక్కే విప్పుతుంది, అందుకని మీ ఆఫీసుకి పంపుతున్నాను. ఇక్కడి పాత ప్రసూతి ఆసుపత్రిని కూలగొడుతున్నారు. లిఫ్టు విప్పడానికి మమ్మల్ని పిలిచారు. పక్క గదిలో పాత రిజిస్టర్లు తాళ్లతో కట్టి పడేసి ఉన్నాయి, తుక్కుకి. అక్కని ఆసుపత్రిలోనే కన్నానని అమ్మ అంటుండేది కదా, ఎవరూ పట్టించుకోలేదు. రెండు రోజులు భోజనం మానేసి వెతికాను. దొరికింది. అమ్మ పేరు, తండ్రి వృత్తి వడ్రంగం, ఆడ శిశువు, అయిదున్నర పౌన్లు, జూలై ఇరవై ఆరు. రికార్డు గుమాస్తా చేత కాపీ రాయించి ముద్ర వేయించాను. జతచేశాను. ఇక మీరు ఆధారం లేదనడానికి వీల్లేదు.

"ఈసారి ఇరవైన నేను ఫోను చెయ్యను. అలుగుతుంది. అలగనివ్వండి. ఇరవై ఐదు నుంచి సెలవు పెట్టాను. ఇరవై ఆరు పొద్దున ఏడింటికి ఫోను బదులు నేనే మీ తలుపు కొడతాను. మీరు అప్పుడు, జన్మలో మొదటిసారి, మా అక్కతో ఆ పుట్టినరోజు మాట అనాలి. అప్పటిదాకా గుట్టుగా ఉంచండి. ఇందులో మీకు ఏదైనా అభ్యంతరం ఉంటే నాకు ఫోను చెయ్యండి. చెయ్యకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటాను."

నేను ఫోను చెయ్యలేదు.

సెప్టెంబరులో నువ్వు అడిగిన ప్రతి ప్రశ్నా ఇప్పుడు అర్థమైంది. నువ్వు ఒక కాగితం గురించి అడిగితే నేను ఇంకో కాగితం గురించి చెప్పాను. నువ్వు అబద్ధమాడుతున్నావని కూడా రాశాను. బుట్టని ఆమె తప్ప ఎవరూ విప్పరు. ఆమెకి తెలియకూడదని నువ్వు దాచింది ఆమె మాత్రమే చదవగల చోటికి వచ్చి పడింది.

ఇంకా ఉంది. ఇది నీకు సెప్టెంబరులోనే రాయాల్సింది. అప్పటికే నాకు తెలుసు. రాయలేదు.

ఆ ఆరు గంటలు ముందు తెచ్చినా తేడా ఉండేది కాదని డాక్టరు ఆ సాయంత్రమే చెప్పాడు. అది నీకు చెప్పకుండా ఆరు గంటల లెక్క మాత్రం నీ నెత్తిన పెట్టాను.

నీ నంబరు తిప్పమని మీ అక్క నన్ను రెండుసార్లు అడిగింది. ఎనిమిదికి ఒకసారి, పదకొండుకి ఒకసారి. మొదటిసారి, చేసేది వాడు కదా, వాడే చేస్తాడులే అన్నాను. రెండోసారి, "అయినా ఇవాళ నీ పుట్టినరోజని ఎవరు చెప్పారు, ఆధారం ఏది?" అన్నాను. ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ నవ్వేది. ఆ రోజు గోడ వైపు తిరిగింది. ఒంటిగంటకి తనే లేచి, "పదండి, వాడు మర్చిపోయాడు" అంది.

నువ్వు మర్చిపోయావనుకునే పోయింది. ఫోను నా చేతికి అందేంత దూరంలో ఉంది.

క్షమించమని అడగడం లేదు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాను. శీర్షికలో అయితే మర్నాడు సవరణ వేస్తాం.

బావ


జూలై 6

బావగారికి,

చదివాను. మీకు జవాబు రాయకూడదని పది రోజులు అనుకున్నాను.

తిట్టడానికి కూర్చున్నాను కూడా. కుదరలేదు. ఎందుకంటే నాదీ ఒకటుంది. ఆ రోజు పొద్దున ఏడింటికి అలవాటుగా రిసీవరు ఎత్తాను. సగం నంబరు తిప్పాను. ఇంకో ఆరు రోజులు ఆగితే ఎంత సరదాగా ఉంటుందో అనుకుని పెట్టేశాను. పెట్టేసి నాలో నేను నవ్వుకున్నాను బావా. లిఫ్టు గదిలో ఒక్కణ్ణే నిలబడి.

మర్చిపోయాననుకుని పోయిందని మీరు రాసిన వాక్యం రాయకుండా ఉండాల్సింది. మే నెలలో చెప్పాల్సింది దాచారు, ఇప్పుడు దాచాల్సింది చెప్పారు. మీకు ఎప్పుడేది చెయ్యాలో తెలియదు. తేదీలు మాత్రం తెలుసు.

ఇరవై ఆరున నేను రాను. కొట్టడానికి ఆ తలుపు నాకు అక్కర్లేదు. ఆసుపత్రి కాగితం నాకు పంపించెయ్యండి. అసలుదే పంపండి. మీకు నకలు చాలు.

నాకు మాత్రం అసలు తేదీ ఎక్కడా దొరకలేదు. నేను ఇంట్లోనే పుట్టాను. ఆ ఇరవైతోనే సరిపెట్టుకోవాలి. ఈ ఏడు ఆ రోజు ఫోను చెయ్యడానికి నాకెవరూ లేరు, నాకు చేసేవాళ్లూ లేరు. డ్యూటీ వేయించుకున్నాను.

బావమరిది


జూలై 20

చిన్నోడికి,

నువ్వడిగిన కాగితం ఇందులో ఉంది. అసలుదే. నకలు తీసుకోలేదు. తీసుకుందామని ఆఫీసులో యంత్రం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఆ కాగితం మీద నాకు హక్కు లేదు. అయిదున్నర పౌన్లు, ఇరవై ఆరు. గుర్తుంటుంది.

ఇరవై ఆరు శీర్షిక నిన్న పంపేశాను. మనుషులందరికీ ఒకే భాష ఉంటే ఒకరినొకరు అపార్థం చేసుకోరని నమ్మిన ఒక కంటి డాక్టరు, ఆ భాష మొదటి పుస్తకం అచ్చు వేయించిన రోజు అది. మీ అక్క పేరు అందులో లేదు. ఆ శీర్షిక గొప్పవాళ్లకి. ఆమెను అక్కడ ఇరికించి నేను తప్పించుకోలేను.

రెండో సంగతి. పోయిన వారం ఫోను మళ్లీ పెట్టించాను. ఈ పొద్దున ఏడింటికి నీ లిఫ్టు గది నంబరు తిప్పాను. క్యాలెండరు వెనక మీ అక్క చేతిరాతతో ఉంది.

ఎవరో తీశారు. హలో అనలేదు. నేను ముందే మాట తయారుచేసుకున్నాను. పుట్టినరోజు అనే మాట. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆమెతో అనని మాట నీతో ఎలా అంటానో తెలియలేదు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు దాటింది. అటువైపు ఎక్కడో లిఫ్టు గంట మోగింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. తర్వాత రిసీవరు పెట్టేశారు. విసురుగా కాదు.

అది నువ్వేనని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆఫీసుకి వెళ్లి జూలై ఇరవై కార్డు తీసి, నువ్వేనని రాసుకున్నాను. సిరాతో.

బావ